వాంకూవర్ రిఫరెన్సులు: టెక్నికల్ చెక్‌లో తిరిగొచ్చిన మాన్యుస్క్రిప్ట్‌ని సరిచేయడం ఎలా?

కాకినాడ_పీజీ

నమస్కారమండి. కోనసీమ మండలాల్లో బోదకాలు ఉన్నవాళ్లు ఇంటి దగ్గర కాలిని ఎలా చూసుకుంటున్నారన్న అంశం మీద ఒరిజినల్ ఆర్టికల్ పంపాం. రివ్యూయర్ల దాకా వెళ్లకుండానే టెక్నికల్ చెక్‌లో తిరిగొచ్చింది. అభ్యంతరాలన్నీ రిఫరెన్సుల మీదే.

పాఠంలో వచ్చిన వరసలో అంకెలు లేవట, ముఖ్యంగా రెండో టేబుల్‌లో. జర్నల్ పేర్లు ఎన్‌ఎల్‌ఎం (అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్) సంక్షిప్తాల ప్రకారం లేవు. ఒకచోట రచయితలందరూ ఉన్నారు, ఇంకోచోట ముగ్గురి తర్వాత ‘ఎట్ ఆల్’ (తదితరులు) ఉంది. ప్రభుత్వ నివేదికల వివరాలు సగం సగమే. 19వది వ్యక్తిగత సమాచారం కాబట్టి జాబితాలో ఉండకూడదు. అన్నీ కలిపి 38, పరిమితి 30.

అంకెలన్నీ వర్డ్‌లో చేత్తో కొట్టినవే. ‘వాంకూవర్‌లో పెట్టేసి పంపెయ్’ అన్నారు మా గైడు గారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పుస్తకాల_మేడం

ముందు ఆ జర్నల్ ‘రచయితలకు సూచనలు’ పేజీ తెరవండి బాబూ. వాంకూవర్ అంటే వైద్య జర్నళ్లు వాడే అంకెల రిఫరెన్సు పద్ధతే గానీ, ఒకే అచ్చు కాదు. 1978లో కొన్ని వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమయ్యారు, ఆ బృందమే ఇప్పటి ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ). నియమాలు వాళ్లవి. చుక్కా కామా ఎక్కడ పడాలన్న వివరమంతా అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల ‘సైటింగ్ మెడిసిన్’లో ఉంటుంది, నెట్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు. దాని మీద ప్రతి జర్నల్ తన సొంత మార్పులు చేసుకుంటుంది.

తేడా వచ్చేది సాధారణంగా ఈ ఐదు చోట్లే. ఎంతమంది రచయితల తర్వాత ‘ఎట్ ఆల్’ పెట్టాలి అన్నది మొదటిది. ఆరుగురి దాకా అందరినీ రాసి, ఆరుగురు దాటితే మొదటి ఆరుగురు అనేది ఒక పద్ధతి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పద్ధతిలో ఆరుగురి దాకా అందరూ ఉంటారు, ఏడుగురైతే ముగ్గురే మిగులుతారు. రెండోది పేజీలు: 284-7 అని కుదించాలా, 284-287 అని పూర్తిగా రాయాలా. మూడోది సంచిక నంబరు కావాలా వద్దా. ఏడాది పొడవునా పేజీల అంకెలు వరసగా సాగే జర్నల్ అయితే సంచిక నంబరు వదిలేయొచ్చని ఎన్‌ఎల్‌ఎం అంటుంది, కానీ చాలా జర్నళ్లు అడుగుతాయి. నాలుగోది డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు నంబరు) కావాలా వద్దా. ఐదోది పాఠంలో అంకె రూపం: పైకెత్తిన అంకా, గుండ్రటి బ్రాకెట్టా, చదరపు బ్రాకెట్టా.

సూచనల పేజీ ఒకటి చెప్పి, అచ్చయిన వ్యాసంలో ఇంకోటి కనిపించే జర్నళ్లు కూడా ఉన్నాయి. అందుకని ఆ జర్నల్ తాజా సంచికలోంచి రెండు ఒరిజినల్ ఆర్టికల్స్ దించుకుని, వాటి రిఫరెన్సుల్ని పక్కన పెట్టుకోండి. సందేహం వస్తే ఆ అచ్చునే నమ్మండి.

డీటీపీ_పాలకొల్లు

మేడం చెప్పినదానికి అచ్చు వైపు నుంచి కొంచెం కలుపుతానండి. జర్నల్ వ్యాసానికి అస్థిపంజరం ఇది:

రచయితలు. శీర్షిక. జర్నల్ సంక్షిప్తం. సంవత్సరం;సంపుటం(సంచిక):పేజీలు.

ఉదాహరణకి చివరి ముక్క 2019;149(3):284-7. అని వస్తుంది. సెమీకోలన్ తర్వాత ఖాళీ లేదు, కోలన్ తర్వాతా లేదు. ఇంటిపేరుకీ ఇనిషియల్స్‌కీ మధ్య కామా ఉండదు, ఇనిషియల్స్ మధ్య చుక్కలుండవు. రచయితకీ రచయితకీ మధ్యే కామా. సంక్షిప్తంలోని ముక్కల తర్వాత కూడా చుక్కలొద్దు, మొత్తం పేరు అయ్యాక ఒక్కటి చాలు. శీర్షికలో మొదటి మాటకీ, సొంత పేర్లకీ మాత్రమే పెద్ద అక్షరం. ప్రతి మాటకీ పెద్ద అక్షరం పెట్టి పంపేవాళ్లు చాలామంది, టెక్నికల్ చెక్‌లో కంటికి మొదట తగిలేది అదే.

సప్లిమెంట్ అయితే సంచిక చోట సప్లిమెంట్ నంబరు, పేజీ ముందు ఎస్ అక్షరం ఉంటాయి, రెండూ ఉంచాలి. ఆన్‌లైన్ జర్నళ్లలో పేజీలకి బదులు ‘ఈ’ అక్షరంతో మొదలయ్యే ఒకే నంబరు ఉంటుంది. దానికి చివరి పేజీ ఉండదు, ‘1-9’ లాంటివి సొంతంగా కల్పించి పెట్టకండి. పీడీఎఫ్ అడుగున కనిపించే 1, 2, 3 ఆ ఫైలు పేజీలు మాత్రమే.

బయోస్టాట్_భీమవరం

జర్నల్ పేర్ల సంక్షిప్తాలు ఊహించి రాయొద్దండి. ఎన్‌ఎల్‌ఎం కేటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే అసలైన సంక్షిప్తం చూపిస్తుంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అయితే ‘ఇండియన్ జె మెడ్ రెస్’. ‘ఇండియన్’ని ‘ఇండ్’ అని నరికేవాళ్లు కోకొల్లలు, అది తప్పు. జర్నల్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ అండ్ ప్రైమరీ కేర్‌ని ‘జె ఫ్యామిలీ మెడ్ ప్రిమ్ కేర్’ అంటారు, అక్కడ ‘ఫ్యామిలీ’ పూర్తిగానే ఉంటుంది. లాన్సెట్ లాంటి ఒంటి మాట పేర్లని అసలు కుదించరు.

కాకినాడ_పీజీ

ధన్యవాదాలండి అందరికీ. ఇప్పుడు జొటెరో లాంటి రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లోకి మారాలా, లేక ఈ 30 చేత్తోనే సరిచేసేయాలా? వర్డ్‌లోనే ‘రిఫరెన్సెస్’ ట్యాబ్ ఉంది కదా, దాంతో అవ్వదా?

ఏలూరు_కాలువ

30కి సాఫ్ట్‌వేర్ ఎందుకండీ? సాఫ్ట్‌వేర్ నేర్చుకునే టైములో ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో వరస వేసుకుని, ఒక పూటలో దిద్దేయొచ్చు. తప్పుడు డేటా లోపలికెళ్తే సాఫ్ట్‌వేర్ అదే తప్పుని అందంగా బయటికిస్తుంది.

బయోస్టాట్_భీమవరం

చివరి మాట నిజమే సార్. కానీ ఇది రివ్యూకి వెళ్లాక ఏమవుతుంది? ‘ఫలానా అధ్యయనం కూడా ప్రస్తావించండి’ అంటాడు రెండో రివ్యూయరు. ఇంట్రడక్షన్‌లో నాలుగో నంబరు తర్వాత ఒకటి చొప్పిస్తే కింది ఇరవై ఆరూ జరగాలి, పాఠంలో, టేబుళ్లలో, జాబితాలో. చేత్తో చేస్తే ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. అక్కణ్ణుంచి ప్రతి అంకె పక్క వ్యాసాన్ని చూపిస్తుంది. ఇక్కడ కాదన్నారంటే ఇంకో జర్నల్‌కి పంపాలి, అక్కడ స్టైల్ వేరు.

వర్డ్‌లోని సొంత రిఫరెన్సెస్ ట్యాబ్‌లో వాంకూవర్ లేదు బాబూ, ఐఈఈఈ, ఏపీఏ లాంటివే ఉంటాయి. ఎండ్‌నోట్ సదుపాయమూ పనికిరాదు: ఒకే వ్యాసాన్ని రెండోసారి ఉదహరిస్తే కొత్త నంబరు ఇస్తుంది.

జొటెరో ఉచితం. చేయాల్సింది ఇది.

మీ 38లో పబ్‌మెడ్‌లో (ఎన్‌ఎల్‌ఎం వాళ్ల వైద్య వ్యాసాల డేటాబేస్) ఉన్నవాటికి పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చే నంబరు) గానీ డీఓఐ గానీ పట్టుకోండి. జొటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి, నంబర్లన్నీ ఒకేసారి అతికించండి, వివరాలు అదే తెచ్చుకుంటుంది. నంబరు దొరకనివాటికి పబ్‌మెడ్‌లో ‘సింగిల్ సైటేషన్ మ్యాచర్’ అని ఉంది, జర్నలూ సంపుటమూ మొదటి పేజీ ఇస్తే చాలు, వ్యాసాన్ని పట్టిస్తుంది. పాత థీసిస్‌ల నుంచి ఎత్తుకొచ్చిన సగం రిఫరెన్సులకి ఇదే దారి. డీఓఐలు గంపగుత్తగా కావాలంటే, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ వాళ్ల ‘సింపుల్ టెక్స్ట్ క్వెరీ’లో జాబితా అతికించండి. అక్కడ దేనికైనా డీఓఐ రాలేదంటే సాధారణంగా రెండు అర్థాలు: నిజంగానే దానికి డీఓఐ లేదు, లేదా మీ జాబితాలో ఏదో అంకె తప్పు. చాలాసార్లు రెండోదే.

వచ్చిన ప్రతి ఎంట్రీనీ కళ్లతో చూడాలి, ఇది తప్పదు. శీర్షికలో ప్రతి మాటకీ పెద్ద అక్షరం ఉంటే శీర్షిక మీద కుడి క్లిక్ చేసి సెంటెన్స్ కేస్‌కి మార్చండి. మార్చాక దేశం పేర్లూ క్రిమి పేర్లూ చిన్నక్షరాలైపోతే చేత్తో దిద్దండి. వుకరేరియా బాంక్రాఫ్టై (బోదకాలు తెచ్చే పురుగు) లాంటి పేరు వాలు అక్షరాల్లో రావాలంటే శీర్షిక గడిలోనే దానికి రెండు వైపులా ఇటాలిక్ ట్యాగులు పెట్టాలి. జొటెరో వాటిని అర్థం చేసుకుంటుంది.

సంస్థ రచయితగా ఉన్నచోట జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుని రెండు గడుల్లో వదిలేస్తే చివరి మాటని ఇంటిపేరనుకుని ‘ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్’ అని అచ్చేస్తుంది. రచయిత గడి పక్కనున్న చిన్న బొమ్మ నొక్కితే ఒకే గడి అవుతుంది, అందులో పూర్తి పేరు రాయండి. ఎండ్‌నోట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు సంస్థ పేరు చివర కామా పెడితే అదే పని జరుగుతుంది.

తర్వాత వర్డ్‌లో చేత్తో కొట్టిన ప్రతి అంకెనీ చెరిపి, అక్కడే జొటెరో ట్యాబ్ నుంచి సైటేషన్ పెట్టండి. ఒకచోట మూడు వ్యాసాలుంటే మూడింటినీ ఒకే డబ్బాలో చేర్చాలి. విడివిడిగా పెడితే (3)(4)(5) అని వస్తుంది, కలిపి పెడితే (3-5) అవుతుంది. స్టైల్స్ జాబితాలో ముందు మీ జర్నల్ పేరుతోనే వెతకండి. లేకపోతే వాంకూవర్ తీసుకోండి, అందులోనూ బ్రాకెట్ రకం, పైకెత్తిన అంకెల రకం వేర్వేరుగా ఉంటాయి. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ‘మెడ్‌లైన్ సంక్షిప్తాలు వాడు’ అన్న టిక్ ఉంటుంది. అది పెడితే మీరు సంక్షిప్తం గడిలో ఏం రాసినా పట్టించుకోదు. ఏదైనా జర్నల్ పేరు ఆ లెక్కలో తప్పుగా వస్తుంటే టిక్ తీసేసి గడిలో మీరే రాయండి.

పాఠంలోని అంకెనిగానీ, కింద పుట్టుకొచ్చిన జాబితానిగానీ చేత్తో దిద్దకండి. మళ్లీ రిఫ్రెష్ అవ్వగానే మీ దిద్దుబాటు పోతుంది. తప్పు కనిపిస్తే జొటెరో లోపలి ఎంట్రీలో దిద్దండి.

ఏలూరు_కాలువ

రెండో రివ్యూయరు మాట ఒప్పుకున్నానండోయ్. అయితే ఒకటి. ఫైలు గైడు గారి దగ్గరికి వెళ్లి గూగుల్ డాక్స్‌లో తెరుచుకుని తిరిగొస్తే ఆ లింకులన్నీ మామూలు అంకెలైపోతాయి. లిబ్రే ఆఫీసు, వర్డ్ మధ్య తిరిగినా అంతే. ప్రోగ్రాం మార్చాల్సొస్తే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ‘వేరే వర్డ్ ప్రాసెసర్‌కి మారు’ అన్న మీట నొక్కి పంపాలి. లేదంటే గైడు గారికి పీడీఎఫ్ ఇచ్చి, మార్పులు రాసిమ్మని, మీ ఫైలులో మీరే ఎక్కించుకోండి. పెద్దవాళ్లకి ఇదే సులువు.

కాకినాడ_పీజీ

ఆయ్, అర్థమైందండి. రెండో టేబుల్ సంగతేంటి? టేబుళ్లన్నీ ఫైలు చివర పెట్టమంటోంది జర్నల్. అందులో పాత అధ్యయనాలతో పోలిక ఉంది, ఎనిమిది రిఫరెన్సులున్నాయి. వాటికి 31 నుంచి 38 పడ్డాయి.

బయోస్టాట్_భీమవరం

ఇది సాఫ్ట్‌వేర్ వాడినా పట్టుబడే చోటు. ఐసీఎంజేఈ నియమం ప్రకారం, టేబుల్‌లోనో బొమ్మ కింది వివరణలోనో మాత్రమే వచ్చే రిఫరెన్సుకి, ఆ టేబుల్ పేరు పాఠంలో మొదటిసారి ఎక్కడ వచ్చిందో అక్కడి వరస ఇవ్వాలి. డిస్కషన్ రెండో పేరాలో ‘రెండో టేబుల్ చూడండి’ అన్నారనుకోండి, అప్పటికి 17 దాకా వాడి ఉంటే టేబుల్‌లోని కొత్తవి 18 నుంచి మొదలవ్వాలి. ఆ పేరా తర్వాత పాఠంలో వచ్చే కొత్త వ్యాసం 26 అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌కి ఈ నియమం తెలియదు. ఫైలులో ఏది ముందుంటే దానికి ముందు అంకె ఇస్తుంది. టేబుల్ చివర ఉంటే చివరి అంకెలే పడతాయి. అందుకని పని నడిచినంతకాలం టేబుల్‌ని డిస్కషన్‌లోనే, మొదటి ప్రస్తావన ఉన్న పేరా కిందే ఉంచండి. అంతా ఖాయమయ్యాక ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీలో ‘అన్‌లింక్ సైటేషన్స్’ నొక్కండి. అంకెలు మామూలు అక్షరాలైపోతాయి. అప్పుడు టేబుల్‌ని కత్తిరించి చివర అతికించండి. అసలు ఫైలు మాత్రం లింకులతోనే భద్రంగా ఉండాలి, రివిజన్‌కి అదే ఆధారం.

టేబుల్‌ని టెక్స్ట్ బాక్సులో పెట్టకండి. బాక్సులోని సైటేషన్లకి వరస తప్పే అవకాశం ఎక్కువ.

డీటీపీ_పాలకొల్లు

పైకెత్తిన అంకె అయితే ఇంకోటి గమనించండి. కామా, ఫుల్‌స్టాప్ తర్వాత అంకె రావాలి. సెమీకోలన్, కోలన్ ముందు రావాలి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పద్ధతి అది. ‘చుట్టుకొలత 42 సెం.మీ.’ లాంటి కొలత పక్కనే పైకెత్తిన 2 పెడితే చదరపు సెంటీమీటర్లనుకుంటారు. వాక్యం తిప్పి రాసి, అంకెని అధ్యయనం పేరు పక్కకి జరపండి. అబ్‌స్ట్రాక్ట్‌లో రిఫరెన్సు అంకెలు ఉండకూడదు, ఉంటే ఇప్పుడే తీసేయండి.

లంకల_గన్నవరం

మన పేర్ల గొడవ ఎవరూ ఎత్తలేదేంటండి? గోదావరి జిల్లాల రచయితల వ్యాసాలు ఉదహరించేటప్పుడు సగం తప్పులు అక్కడే.

తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, పిలిచే పేరు వెనక. జర్నల్ సాఫ్ట్‌వేర్లు మామూలుగా చివరి మాటని ఇంటిపేరనుకుంటాయి. ఎన్.వి.వి. సత్యనారాయణ అని అచ్చయితే రిఫరెన్సులో ‘సత్యనారాయణ ఎన్‌వి’ అని రాయాలి. ‘సైటింగ్ మెడిసిన్’ ప్రకారం ఇనిషియల్స్ రెండుకి మించకూడదు, కాబట్టి మూడో ‘వి’ పోతుంది. అదే మనిషి ఇంకో వ్యాసంలో ఇంటిపేరు పూర్తిగా ముందు రాసుకుని, ఆ జర్నల్ దాన్నే లాస్ట్ నేమ్‌గా నమోదు చేస్తే, అక్కడ ఇంటిపేరుతోనే రాయాలి. సుబ్బారావు అని కలిపి రాస్తే ఒక రకం, సుబ్బా రావు అని విడగొడితే ‘రావు ఎస్’.

ఆయన అసలు ఇంటిపేరేంటో మీకు తెలిసినా సరే, దిద్దొద్దు. ఆ వ్యాసం మొదటి పేజీలో ‘ఇలా ఉదహరించండి’ అన్న వరస ఉంటే అది, లేదంటే పబ్‌మెడ్ రికార్డులో ఎలా ఉందో అది. రిఫరెన్సు పని వ్యాసాన్ని పట్టివ్వడం, వంశవృక్షం సరిచేయడం కాదు. డాక్టర్, ప్రొఫెసర్, ఎండీ లాంటివి పేరులోకి జొరబడి ఉంటే మాత్రం తీసేయండి.

మీ సొంత వ్యాసం పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు లాస్ట్ నేమ్ గడిలో ఏది పెడతారో అదే రేపు అందరి రిఫరెన్సుల్లోకీ వెళ్తుంది. ఒకసారి నిర్ణయించుకుని ప్రతి వ్యాసానికీ అదే పెట్టండి, ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబరు) ఖాతాలోనూ అదే ఉండాలి. సహరచయితల్ని కూడా అడిగి రాయండి, ఊహించి కాదు.

పుస్తకాల_మేడం

గన్నవరం వారు మంచి మాట ఎత్తారు. ఇక ప్రభుత్వ నివేదికలు. ఇవి సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టదు, ఒక్కొక్కటీ టైటిల్ పేజీ చూసి ఎక్కించాలి. కావాల్సినవి: ప్రచురించిన సంస్థ, శీర్షిక, ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం. నెట్‌లో చూసినదైతే మీరు చూసిన తేదీ, లింకు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతకి: ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్, ఐసీఎఫ్ అనే రెండు సంస్థలూ రచయితలు. తర్వాత సర్వే పూర్తి పేరు, 2019-21, ఏ సంపుటమో అది. ఊరు ముంబై, ప్రచురణ 2021. సర్వే జరిగిన ఏళ్లు శీర్షికలో భాగం, ప్రచురణ ఏడాది చివర. రెండింటినీ కలిపేయడం చాలా మామూలుగా కనిపించే తప్పు. జిల్లా ఫ్యాక్ట్ షీట్ నుంచి అంకె తీసుకుంటే ఆ షీట్‌నే ఉదహరించండి, జాతీయ నివేదికని కాదు.

మీ వ్యాసానికి ఇక్కడే ఒక మెలిక ఉంది. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2011 జనగణనలోనూ, ఐదో విడత సర్వేలోనూ అమలాపురం, రాజోలు ప్రాంతమంతా పాత తూర్పు గోదావరి జిల్లా కిందే ఉంది. కాబట్టి రిఫరెన్సు శీర్షికలో ‘తూర్పు గోదావరి’ అనే ఉండాలి. ఇప్పటి పేరు అని చెప్పి శీర్షికని కోనసీమగా మార్చేస్తే అలాంటి పత్రం ఎవరికీ దొరకదు. పాఠంలో మాత్రం ‘ఈ అంకె విభజనకు ముందున్న తూర్పు గోదావరి జిల్లా మొత్తానిది’ అని ఒక వాక్యం రాయండి. ఇప్పటి తూర్పు గోదావరి వేరు, దాని కేంద్రం రాజమహేంద్రవరం. ఇటు ఊళ్లు తెలియని రివ్యూయరు రెండూ ఒకటే అనుకుంటారు. పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల వాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

సంస్థల పేర్లూ అంతే. దోమకాటు జబ్బుల జాతీయ కార్యక్రమం ఒకప్పుడు ఎన్‌వీబీడీసీపీ, ఇప్పుడు ఎన్‌సీవీబీడీసీ. పత్రం మీద ఏ పేరుంటే అదే. థీసిస్ ఉదహరిస్తే విశ్వవిద్యాలయం పేరు కూడా టైటిల్ పేజీ ప్రకారమే. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ పేరు నుంచి వైఎస్సార్ పేరుకి మారి, మళ్లీ ఎన్టీఆర్ పేరుకే వచ్చింది. థీసిస్ ఇచ్చిన ఏడాది ఏ పేరు ఉందో చూసుకోండి. శీర్షిక తర్వాత చదరపు బ్రాకెట్లో ‘డిసర్టేషన్’ అని, తర్వాత ఊరు, విశ్వవిద్యాలయం, సంవత్సరం.

తెలుగు కరపత్రం, తెలుగు దినపత్రిక వార్త ఉదహరించాల్సి వస్తే శీర్షికని ఇంగ్లిషులోకి అనువదించి చదరపు బ్రాకెట్లో పెట్టి, చివర భాష పేరు రాయాలి.

ఏలూరు_కాలువ

ప్రభుత్వ వెబ్‌సైట్ల లింకులు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయిన ఘటన లాంటివి రాసేటప్పుడు మొదట్లో దొరికేవి ప్రెస్ నోట్లు, వార్తలే. అలాంటి పేజీని చూసిన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ తో భద్రపరిచి, పీడీఎఫ్ కూడా దాచుకోవాలి. తర్వాత పీర్ రివ్యూ అయిన వ్యాసం వచ్చిందేమో వెతికి, వస్తే వార్త తీసేసి దాన్ని పెట్టాలి. ప్రీప్రింట్ (పీర్ రివ్యూ కాకముందే నెట్‌లో పెట్టిన వ్యాసం) విషయంలోనూ అంతే: అచ్చయిన రూపం ఉంటే అదే, లేకపోతే ‘ప్రీప్రింట్’ అని స్పష్టంగా రాయాలి.

కాకినాడ_పీజీ

19వది జిల్లా మలేరియా ఆఫీసులో ఒక అధికారి నోటిమాటగా చెప్పిన రోగుల సంఖ్య. తీసేస్తే బ్యాక్‌గ్రౌండ్ బలహీనపడుతుందేమో?

పుస్తకాల_మేడం

జాబితాలోంచి తీయాల్సిందే. ఆ సమాచారం ఇంకెక్కడా బహిరంగంగా దొరక్కపోతే, అది లేకపోతే వ్యాసం నడవదనుకుంటే, పాఠంలోనే బ్రాకెట్లో ఆ వ్యక్తి పేరు, చెప్పిన తేదీ పెట్టొచ్చు. దానికి ఆయన నుంచి రాతపూర్వక అనుమతి, ‘నేను చెప్పింది ఇదే’ అన్న నిర్ధారణ ఉండాలి. అంతకన్నా మంచి దారి ఆఫీసుకి ఉత్తరం రాసి, ఆ లెక్క ఉన్న నివేదికే తెచ్చుకోవడం.

కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్‌లు కూడా జాబితాలో పెట్టొద్దంటుంది ఐసీఎంజేఈ, పాఠంలో బ్రాకెట్లో ప్రస్తావించొచ్చు. ‘పంపాం, ఇంకా అంగీకరించలేదు’ అన్న వ్యాసాలదీ అదే దారి. అంగీకారం వచ్చి అచ్చు కావాల్సినవి మాత్రం జాబితాలో ఉండొచ్చు.

బయోస్టాట్_భీమవరం

38 నుంచి 30కి దించేటప్పుడు వరసగా చివరివి కొట్టేయకండి. ముందు ఉపసంహరణలు (అచ్చయ్యాక జర్నల్ వెనక్కి తీసుకున్న వ్యాసాలు) చూడండి. జొటెరోలోకి ఎక్కించిన వ్యాసం ఉపసంహరణకు గురై ఉంటే అదే ఎర్ర గీతతో హెచ్చరిస్తుంది, రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది. పబ్‌మెడ్‌లోనూ పైన కనిపిస్తుంది. పెద్ద జర్నల్ కదా అని ధీమా వద్దు: హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద 2020 మేలో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసాన్ని జూన్ మొదట్లోనే ఉపసంహరించారు. ఉపసంహరణ గురించే రాస్తుంటే తప్ప అలాంటివి ఉదహరించకూడదు, చూసుకోవాల్సింది రచయితే.

తర్వాత ‘ఎక్కడో చదివిన వ్యాసంలో ఉదహరించిన వ్యాసం’ రకం. మూలాన్ని తెరిచి చదివారా? చదవనిది తీసేయండి, లేదా తెచ్చి చదవండి. 1980లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చిన ఐదు వాక్యాల ఉత్తరం ఒకటుంది, ఆసుపత్రిలో మత్తు నొప్పిమందులు తీసుకున్నవాళ్లలో వ్యసనం అరుదన్నది దాని సారం. 2017లో అదే జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం దాన్ని 608 సార్లు ఉదహరించారు, అందులో 80 శాతానికి పైగా వ్యాసాలు ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న ముక్కే చెప్పలేదు. కామా తప్పు ఎవరినీ చంపదు, ఇలాంటి తప్పు చంపుతుంది.

మీ వ్యాసంలో కూడా అదే పరీక్ష పెట్టండి. ప్రతి అంకె దగ్గరా ఆగి, ఆ వ్యాసంలో ఏ పేజీ, ఏ టేబుల్ మీ వాక్యాన్ని బలపరుస్తుందో పక్కన రాసుకోండి. దొరకలేదంటే వాక్యం మార్చాలి, లేదా రిఫరెన్సు మార్చాలి. ఒకే మాటకి నాలుగు వ్యాసాలు పెట్టినచోట మంచి సిస్టమాటిక్ రివ్యూ ఒకటీ, మన ప్రాంతపు అధ్యయనం ఒకటీ ఉంచితే చాలు. ‘బోదకాలు దోమల వల్ల వస్తుంది’ లాంటి వాక్యానికి మూడు రిఫరెన్సులు దేనికండీ?

లంకల_గన్నవరం

ఏఐ చాట్‌బాట్‌ని ‘దీనికి రిఫరెన్సులివ్వు’ అని అడిగి తెచ్చుకున్నవి ఏమైనా ఉంటే ముందు వాటి మీదే పడండి. రచయితల పేర్లు నిజం, జర్నల్ నిజం, వ్యాసం మాత్రం లేదు. అలాంటివి అచ్చు నిజంలాగే ఉంటాయి. డీఓఐ అతికించి చూస్తే తెరుచుకోదు, లేదంటే ఏ చేపల చెరువుల వ్యాసమో తెరుచుకుంటుంది. లింకు తెరుచుకుంటే చాలదు, శీర్షిక కూడా సరిపోవాలి. ఉన్న జాబితాని వాంకూవర్‌లోకి మార్చమని చాట్‌బాట్‌కి ఇచ్చినా నమ్మొద్దు. చుక్కలు సరిచేస్తూ పేజీ అంకెలు కూడా ‘సరిచేసేస్తుంది’.

కాకినాడ_పీజీ

రెండు ఉన్నాయండి అలాంటివి, డీఓఐ తెరుచుకోలేదు. తీసేస్తున్నాను. ఇంకొక్క ప్రశ్న: మా గైడు గారి పాత వ్యాసాలు మూడు ఉదహరించాం, ‘మేము గతంలో చూపించినట్టు’ అని ఉంది. బ్లైండెడ్ ఫైలు (రచయితలెవరో తెలియకుండా ఉండేది) అడుగుతున్నారు. ఆ మూడూ తీసేయాలా?

పుస్తకాల_మేడం

సంబంధం ఉన్నవైతే తీయక్కర్లేదు. ‘మేము గతంలో’ బదులు ‘గతంలో కాకినాడలో జరిగిన ఒక అధ్యయనంలో’ అని మూడో మనిషిలాగా రాయండి, జాబితాలో మామూలుగానే ఉంటాయి. కొన్ని జర్నళ్లు అక్కడ రచయిత పేరు తీసి ఖాళీ ఉంచమంటాయి, సూచనల్లో ఆ మాట ఉంటేనే అలా చేయండి. ఎథిక్స్ కమిటీ పేరు, కృతజ్ఞతలు బ్లైండెడ్ ఫైలులో మిగిలిపోతే రిఫరెన్సులు దాచి లాభం లేదు, అవి టైటిల్ పేజీ ఫైలుకి వెళ్లాలి.

డీటీపీ_పాలకొల్లు

వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు కూడా చూడండి బాబూ. ఫైల్, ఇన్ఫో, ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నడిపితే చెరిపేస్తుంది. అది కూడా అన్‌లింక్ చేసిన కాపీలోనే నడపండి, అసలు ఫైలులో వద్దు.